ఊరును ఊరును కలుపు బాటలు: నడకకు, సైకిలుకు పంచాయతీల ఉమ్మడి ప్రణాళిక

గ్రామమున సర్పంచి మొదలు బడిపిల్ల వరకు ప్రతివారును దినమునకు కొంత దూరము నడువక తప్పదు. పొలమునకు పోవు రైతు, కూలికి పోవు స్త్రీ, పాలకేంద్రమునకు పాలు చేర్చు వృద్ధుడు, పొరుగూరి ఉన్నత పాఠశాలకు పోవు బాలిక - వీరిలో పెక్కుమంది కాలినడకను గాని, సైకిలుపై గాని పోవువారే. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలు కలదు. వ్యవసాయము, గృహపరిశ్రమలు గాక ఇతర వృత్తులయందున్న వారిలో పనికి నడచి పోవువారును, సైకిలుపై పోవువారును కలిసి మూడవ వంతుకు పైగా నుండిరి.

అయినను బాట యనగానే మన మనసున మెదలునది తారు రోడ్డు మాత్రమే. 2000 సంవత్సరము డిసెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వలన మైదాన ప్రాంతములలో 500కు మించిన జనాభా గల పల్లెలకు, కొండ ప్రాంతములలో 250కి మించిన జనాభా గల పల్లెలకు సైతము పక్కా రోడ్లు వేయుట లక్ష్యముగా పెట్టుకొనబడినది. ఆ రోడ్ల మీదుగా బస్సు వచ్చినది, అంబులెన్సు వచ్చినది, పంట మార్కెట్టుకు పోయినది. ఈ మేలును కాదనువారు లేరు. కాని రోడ్డుతో పాటు వేగము కూడ వచ్చినది. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములందు మరణించినవారు 1,68,491 మంది. అందు 32,825 మంది పాదచారులు. అనగా మరణించిన ప్రతి ఐదుగురిలో ఇంచుమించు ఒకరు నడచి పోవుచున్నవారే. మోటారు వాహనమునకు వేసిన రోడ్డుపై, దాని అంచున, వర్షమునకు కోసుకొనిపోయిన మార్జిను మీద మన పిల్లలు బడికి పోవుచున్నారు.

నడుచువారికి, సైకిలువారికి వేరే బాటలు ఏర్పరచుట సాధ్యమా? సాధ్యమే. అందుకు క్రొత్త భూమిని సేకరింపనవసరము లేదు. డొంకలు, పుంతలు, బండ్ల బాటలు, కాలువ గట్లు, చెరువు గట్లు - ఇవి మనకు పూర్వము నుండి కలవు. లోపించినది వాటినొక దానితో నొకటి కలుపు ప్రణాళిక. ఈ ప్రణాళికను ఏ ఒక్క పంచాయతీయు ఒంటరిగా చేయజాలదు. ఇరుగుపొరుగు పంచాయతీలు కలిసి కూర్చున్ననాడే ఇది నెరవేరును. ఆ పనిని ఇతర దేశములలో గ్రామములవారు ఎట్లు చేసిరో, మన గ్రామములలో ఎట్లు చేసికొనవచ్చునో మేము ఈ వ్యాసమున వివరించుచున్నాము.

సైకిలు తెచ్చిన మార్పు

సామాన్యుడు గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడువగలడు. అతడే సైకిలెక్కినచో గంటకు పన్నెండు మొదలు పదునైదు కిలోమీటర్ల వరకు పోగలడు. అనగా అరగంటలో పోగల దూరము మూడింతలగును. దూరము మూడింతలైనపుడు అన్ని దిక్కులకును కలిపి అందుబాటులోనికి వచ్చు ప్రదేశము తొమ్మిదింతలగునని లెక్క తెలిసినవారు గ్రహింపగలరు. బడి, ఆసుపత్రి, బ్యాంకు, సంత - వీనిలో నడకకు అందనివి సైకిలుకు అందును.

దీనికి బీహారు రాష్ట్రము మంచి నిదర్శనము. అచ్చట 2006లో తొమ్మిదవ తరగతిలో చేరు బాలికలకు సైకిలు కొనుటకై 2,000 రూపాయల చొప్పున ఇచ్చు పథకము ప్రారంభింపబడినది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు ఈ పథకమును పరిశోధించి, తగిన వయసున ఉన్నత పాఠశాలలో చేరు బాలికల సంఖ్య 32 శాతము పెరిగినదనియు, బాలబాలికల మధ్యనున్న అంతరము 40 శాతము తగ్గినదనియు తేల్చిరి. ఉన్నత పాఠశాలకు మూడు కిలోమీటర్లకు మించి దూరముననున్న గ్రామములలో ఈ మేలు ఎక్కువగా కనిపించినది. బాలికలు గుంపుగా సైకిళ్ళపై పోవుట వలన తల్లిదండ్రుల భయము కూడ తగ్గినది.

అయితే సైకిలు ఇచ్చుట పనిలో సగము మాత్రమే. అది నడుచుటకు బాట కావలెను. రోడ్డుపై లారీల భయము, డొంకలో ముండ్లభయము ఉన్నంత కాలము ఇచ్చిన సైకిలు వసారాలో త్రుప్పుపట్టి యుండును. ఆ బాట బాధ్యత ముఖ్యముగా పంచాయతీది.

బాటకు, బాటల అల్లికకు గల భేదము

ఒక బాట వేయుట వేరు. బాటల అల్లికను సిద్ధపరచుట వేరు. చేపల వలను చూడుడు. దాని బలము దారమున కంటె ముడులయందు హెచ్చుగా కలదు. ముడి విడిన చోట చేప జారిపోవును. అట్లే రెండు బాటలు కలియు కూడలి, బాట కాలువను దాటు తూము, బాట పెద్ద రోడ్డును దాటు చోటు, ఒక గ్రామపు సరిహద్దు ముగిసి ఇంకొక గ్రామపు సరిహద్దు మొదలగు చోటు - ఇవి ముడులు. నాలుగు కిలోమీటర్ల చక్కని బాటలో నూరు గజములు మోకాలిలోతు బురదయైనచో బడిపిల్లకు ఆ నాలుగు కిలోమీటర్లును లేనట్లే.

అనుభవమున చూచినచో ఈ తెగుదల ఎక్కువగా సరిహద్దు వద్దనే జరుగును. ఏలయనగా ప్రతి పంచాయతీయు తన నిధులను తన ఊరి నడుమనే ఖర్చుపెట్టును. ఊరి చివర కిలోమీటరు ఎవరికిని పట్టదు. కాని ఊరికిని ఊరికిని నడుమ పోవువానికి కావలసినది ఆ చివరి కిలోమీటరే.

ఇంగ్లండులో పారిష్ సభ్యులు నడచి గీసిన పటము

ఇంగ్లండు, వేల్సు దేశములలో పొలముల మీదుగా పోవు కాలిబాటలు శతాబ్దముల నాటివి. వాటిపై నడుచు హక్కు అందరిదియు అని ఆచారము. కాని ఏ బాట అందరిది, ఏది భూస్వామి సొంతము అను వివాదములు నిరంతరము సాగుచుండెను. 1949లో ఆ దేశపు పార్లమెంటు జాతీయ ఉద్యానవనములను, గ్రామసీమలలో ప్రవేశమును గూర్చి ఒక చట్టము చేసి, ప్రతి కౌంటీ కౌన్సిలు తన ప్రాంతమునందలి సార్వజనిక బాటలన్నిటిని సర్వే చేయించి పటము తయారు చేయవలెనని శాసించినది. కౌంటీ కౌన్సిలు మన జిల్లా పరిషత్తు వంటిది. దాని క్రింద పారిష్ కౌన్సిలు మన గ్రామ పంచాయతీని పోలినది.

ఈ సర్వేకు పునాది పని పారిష్ కౌన్సిళ్ళే చేసినవి. ఊరివారిని సమావేశపరచి, ఏయే బాటలు వాడుకలో నున్నవో విచారించిరి. పిమ్మట సభ్యులును, స్థానికులును బాటల వెంట స్వయముగా నడచి, ఒక్కొక్క బాటకు ఒక్కొక్క కార్డు వ్రాసిరి. బాట ఎచ్చట మొదలై ఎచ్చట ముగియుచున్నది, దారిలో గేట్లు, వంతెనలు ఏమున్నవి, అది అందరి బాటయని నమ్ముటకు ఆధారమేమి - ఇవన్నియు అందు చేర్చిరి. కౌంటీ కౌన్సిలు వీటినిబట్టి తొలుత చిత్తు పటమును ప్రకటించి, అభ్యంతరములు విని, పరిష్కరించి, తుదకు నిర్ణీత పటమును సిద్ధపరచినది. ఆ పటమున ఎక్కిన బాట సార్వజనికమనుటకు ఆ పటమే న్యాయస్థానమున తిరుగులేని సాక్ష్యము. నేడు ఇంగ్లండు, వేల్సులలో ఇట్లు నమోదైన బాటల పొడవు సుమారు 2,25,000 కిలోమీటర్లు.

ఇందు మనము నేర్చుకొనవలసిన పాఠములు రెండు కలవు. మొదటిది: బాటల సంగతి ఊరివారికి తెలిసినంతగా పైఅధికారులకు తెలియదు కనుక సర్వే ఊరినుండియే మొదలు కావలెను. రెండవది: ఆనాడు శ్రద్ధతో నడచి వ్రాసిన పారిష్‌లకు బాటలు దక్కినవి, అశ్రద్ధ చేసిన పారిష్‌లకు దక్కలేదు. 2020లో ర్యాంబ్లర్సు అను పాదచారుల సంఘము వేలమంది ఔత్సాహికుల సాయముతో పాత పటములను నేటి పటములతో పోల్చి చూడగా, ఇంగ్లండు, వేల్సులలో 49,000 మైళ్ళకు పైగా బాటలు నిర్ణీత పటములలో ఎక్కియుండలేదని తేలినది. డెబ్బది సంవత్సరముల క్రితము ఒక కార్డు వ్రాయకపోవుట వలన కలిగిన నష్టమును మనుమలు తీర్చుకొనవలసి వచ్చుచున్నది.

బెల్జియములో అంకెల కూడళ్ళు

బెల్జియము దేశమున లింబర్గు అను రాష్ట్రము బొగ్గు గనులకు పేరెన్నికగన్నది. అక్కడి గనులు ఒక్కటొక్కటిగా మూతపడుచు వచ్చి 1992లో చివరిదియు మూతపడినది. పని పోయిన ఆ సీమకు క్రొత్త జీవము కావలసి వచ్చినది. అచ్చట గనుల ఇంజనీరుగా పనిచేసిన హ్యూగో బోలెన్ అను నతడు సైకిలు బాటలను గూర్చి ఒక సులువైన ఆలోచన చేసెను. 1995లో అది ఆచరణలోనికి వచ్చినది.

అంతకు పూర్వము ఒక ఊరి చుట్టు ఒక దారి, ఇంకొక ఊరి చుట్టు ఇంకొక దారి - ఇట్లు విడివిడిగా గుర్తులు పెట్టుచుండిరి. బోలెన్ పద్ధతిలో దారులకు గాక కూడళ్ళకు అంకెలు ఇచ్చిరి. 5వ కూడలి వద్ద నిలిచినవానికి అక్కడి పలకపై 12వ కూడలికి ఇటు, 31వ కూడలికి అటు అని బాణపు గుర్తులు కనిపించును. పోదలచినవాడు 5, 12, 40 అని చీటీపై వ్రాసికొని బయలుదేరిన చాలును. దారి అడుగనవసరము లేదు. ఆ అల్లిక నేడు సుమారు 2,000 కిలోమీటర్ల పొడవు కలది. అందు అత్యధిక భాగము పొలాల నడుమనున్న చిన్న రోడ్లు, కాలువ ఒడ్డు బాటలు, బొగ్గు బండ్లు తిరిగి మానిన రైలుకట్టలు. క్రొత్తగా వేసినవి వీటిని కలుపు ముక్కలు మాత్రమే. ఈ పద్ధతి తరువాత బెల్జియములోని ఫ్లాండర్సు ప్రాంతమంతటను, పొరుగుననున్న నెదర్లాండ్సు దేశమునను వ్యాపించినది.

ఇందలి మెలకువ కేవలము అంకెలలో లేదు. బాధ్యతను పంచిన తీరులో కలదు. రెండు కూడళ్ళ నడుమనున్న బాట ఎవరి హద్దులో నున్నదో వారు దానిని బాగుగా ఉంచిన చాలును. పొరుగువాడు తన ముక్కను బాగుగా ఉంచును. ఎవరి పని యెంతయో అందరికిని తెలియును. ఏ ముక్క పాడైనదో అంకె చెప్పి అడుగవచ్చును.

మన సీమలో ఏమున్నది

ఇక మన ఊళ్ళకు వత్తము. గుంటూరు, ప్రకాశము ప్రాంతములలో పొలముల నడుమ బండ్లు పోవు దారిని డొంక యందురు. గోదావరి జిల్లాలలో పుంత యందురు. రాయలసీమలో బండ్ల బాట, బండి దారి యను మాటలు కలవు. గ్రామ పటమున వీటిలో పెక్కింటికి వేరే సర్వే నంబరు ఉండి, పోరంబోకుగా చూపబడియుండును. కాగితముపై వెడల్పుగా ఉన్న డొంక నేలపై సన్నగిల్లి కాలిదారియై యుండుట మనమందరము ఎరిగినదే. ఏటేట ఒక చాలు వంతున ఇరువైపుల దున్నుటచే డొంక కరగిపోవును. మిగిలిన దానిని సర్కారు తుమ్మ ఆక్రమించును.

డెల్టా జిల్లాలకు వేరొక సంపద కలదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలు సాగునీటికే గాక పడవల రాకపోకలకు కూడ ఉపయోగపడినవి. పడవలను త్రాళ్ళతో లాగువారు నడచిన గట్లు ఆ కాలువల వెంట ఊరినుండి ఊరికి పోవుచున్నవి. ఇవి ఎత్తుగా, సమముగా, ఎత్తుపల్లములు లేక యుండును. సైకిలుకు ఇంతకంటె అనుకూలమైన దారి వెదకినను దొరకదు. అయితే గట్టు జలవనరుల శాఖది. దాని అనుమతి లేనిదే పంచాయతీ అందు ఏ పనియు చేయరాదు.

హైదరాబాదున ఔటర్ రింగు రోడ్డు వెంట 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాట, పైన సౌరఫలకముల కప్పుతో ప్రారంభింపబడినది. అది నగరమునకు తగిన పని. మన పల్లెలకు అట్టి వ్యయము అవసరము లేదు. మనకు కప్పు చెట్టునీడ, బాట డొంక.

ఈ సమయమున జాగ్రత్త పడుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. మన రాష్ట్రమున 2020 డిసెంబరులో భూముల పునఃసర్వే ప్రారంభింపబడినది. పూర్వపు సర్వే జరిగి సుమారు నూరు సంవత్సరములైనది. ఇపుడు గీయు గీతలు రాబోవు తరముల వారికి ఆధారమగును. పునఃసర్వే జరుగు గ్రామమున డొంకలు, రస్తాలు, శ్మశానపు దారులు సరిగా నమోదైనవో లేవో పంచాయతీ సభ్యులు స్వయముగా చూచుకొనవలెను. ఇంగ్లండు పారిష్‌లకు 1949 తరువాత వచ్చిన అవకాశము వంటిదే ఇది.

పంచాయతీల అధికారము

1992లో జరిగిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములు కలవు. అందు పదుమూడవది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, జలమార్గములు మున్నగు రాకపోకల సాధనములను గూర్చినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామమునందలి సార్వజనిక బాటలు, పెద్ద రహదారులు, పరిషత్తుల రోడ్లు మినహా, గ్రామ పంచాయతీకి చెందును. ఆక్రమణలను తొలగించుటకు 1905 నాటి భూ ఆక్రమణల చట్టము కలదు. దాని ప్రకారము తహసీలుదారు ముందుగా నోటీసు ఇచ్చి, సంజాయిషీ విని, పిమ్మట చర్య తీసికొనును. ఏటేట గ్రామసభలో చర్చించి తయారు చేయు గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో బాటల పనిని చేర్చినచో నిధులు కోరుటకు మార్గమేర్పడును.

ప్రణాళిక తయారు చేయు విధము

మూడు గ్రామములున్నవని అనుకొందము. నడిమి గ్రామమున ఉన్నత పాఠశాల కలదు. పడమటి గ్రామమున ఆసుపత్రి కలదు. తూర్పు గ్రామమున ఈ రెండును లేవు. ముగ్గురు సర్పంచులు కలిసి ఈ క్రింది వరుసలో పని సాగింపవచ్చును.

మొదటిది, పోవువారిని అడుగుట. ఎవరు, ఎచ్చటికి, ఏ వేళ, ఏ దారిని పోవుచున్నారో వ్రాయవలెను. మగవారు మాత్రమే చెప్పినచో లెక్క సగమే తేలును. స్వయంసహాయక సంఘములలోని స్త్రీలను, బడి ఉపాధ్యాయులను, తొమ్మిది, పది తరగతుల బాలికలను, వృద్ధులను వేర్వేరుగా అడుగవలెను. ఎచ్చట భయము కలుగుచున్నది, ఏ నెలలో దారి మూసికొనిపోవుచున్నది, ఏ దారిని వదలి చుట్టు తిరిగి పోవుచున్నారు అనునవి ముఖ్యమైన ప్రశ్నలు.

రెండవది, నడచుట. సభ్యులు, గ్రామ సర్వేయరు, ఇంజనీరింగు సహాయకుడు, దారి తెలిసిన ఇద్దరు పెద్దలు కలిసి ప్రతి డొంక వెంటను నడువవలెను. ఒకసారి వేసవిలోను, ఒకసారి వానలు పడిన మరునాడును నడచినచో బాట నిజస్వరూపము తెలియును. ఒక్కొక్క బాటకు ఒక కాగితము వ్రాయవలెను: సర్వే నంబరు, రికార్డులోని వెడల్పు, నేలపై వెడల్పు, నీరు నిలుచు చోట్లు, తూములు, ఆక్రమణలు, నీడ. పొరుగు పంచాయతీవారు కూడ అదే దినమున తమ వైపు నుండి నడచి వచ్చి సరిహద్దు వద్ద కలిసినచో ఎంతయు మేలు. సరిహద్దు రాతి వద్ద ఇరువురును నిలిచి చూచినపుడు గాని తెగిన ముడి యెచ్చటనో తెలియదు.

మూడవది, ఒకే పటమున మూడు గ్రామములను కలిపి గీయుట. బాగున్న బాటలను ఒక రంగుతోను, బాగుచేయవలసిన వానిని ఇంకొక రంగుతోను, అసలు లేని ముక్కలను మూడవ రంగుతోను గీసినచో, చదువురాని వారికి సైతము సంగతి బోధపడును. ఈ పటమును మూడు గ్రామసభలలోను గోడకు తగిలించి, అభ్యంతరములు చెప్పుకొనుటకు గడువు ఇయ్యవలెను.

నాలుగవది, వరుస నిర్ణయించుట. నిధులు కొంచెము, కోరికలు ఎక్కువ. ఎవరి వార్డులోని బాట ముందు అను వాదము తప్పక వచ్చును. దానికి న్యాయమైన కొలబద్ద ఒకటి కలదు: ఏ ముక్కను బాగుచేసిన ఎక్కువమంది పిల్లలు, రోగులు, కూలివారు రోడ్డెక్కకుండ గమ్యము చేరుదురో ఆ ముక్క ముందు. మన ఉదాహరణమున తూర్పు గ్రామపు డొంక సరిహద్దు వరకు బాగున్నది. నడిమి గ్రామపు హద్దులో రెండువందల మీటర్లు మూసికొనిపోయినది. ఆ రెండువందల మీటర్ల వలన మేలు పొందువారు తూర్పు గ్రామమువారు. బాగుచేయవలసినవారు నడిమి గ్రామమువారు. ఇచ్చటనే ఉమ్మడి ప్రణాళిక విలువ తెలియును. నడిమి గ్రామము ఆ ముక్కను బాగుచేసినచో, ఆసుపత్రికి పోవు దారిలో పడమటి గ్రామము తన తూమును కట్టును. తూర్పు గ్రామము తన వంతుగా మొక్కలు నాటి పెంచును. ఈ ఒప్పందమును మూడు పంచాయతీలును తీర్మానములుగా వ్రాసికొనవలెను. సర్పంచి మారినను తీర్మానము నిలుచును.

నిర్మాణమున గమనింపవలసినవి

సైకిలు ఎదురెదురుగా పోవుటకు, ప్రక్కన ఒకరు నడుచుటకు మూడు మీటర్ల వెడల్పు చాలును. చోటు చాలనిచోట రెండున్నర మీటర్లకు తగ్గరాదు. ట్రాక్టరు, ఎడ్లబండి పోవలసిన డొంకను ఎన్నడును ఇరుకు చేయరాదు. అది మొదట రైతు బాట. నల్లరేగడి నేలలో బాటను కొంచెము ఎత్తుచేసి, గ్రావెలు పరచి, బాగుగా దిమ్మిస చేయవలెను. మీటరు వెడల్పునకు రెండు సెంటీమీటర్ల చొప్పున ఒకవైపునకు వాలు ఉన్నచో నీరు నిలువదు. బాట పాడగుటకు బండిచక్రము కంటె నిలిచిన నీరే పెద్ద కారణము. కనుక సొమ్ము తక్కువైనపుడు తారుకు గాక తూములకు, ప్రక్క కాలువలకు ముందు ఖర్చుచేయుట వివేకము.

సర్కారు తుమ్మను వేళ్ళతో పెకలింపవలెను. కొట్టిన మాత్రమున అది మరల చిగిర్చి, దాని ముండ్లు టైర్లను పాడుచేయును. దానికి బదులు వేప, కానుగ, చింత నాటినచో నీడ లభించును. కాలువ గట్టుపై మొక్కలు నాటుటకు ముందు ఇంజనీర్ల సలహా తప్పక తీసికొనవలెను. గట్టుపైకి కార్లు రాకుండ స్తంభములు పాతునపుడు వాని నడుమ మీటరున్నర ఎడముంచినచో సైకిలు, వికలాంగుల మూడు చక్రముల బండి కూడ పోగలవు. శాఖవారి వాహనమునకై ఒక స్తంభము ఊడదీయదగినదిగా ఉండవలెను.

బాట పెద్ద రోడ్డును దాటు చోటు మిక్కిలి ప్రమాదకరము. అచ్చట బాట రోడ్డును అడ్డముగా, తిన్నగా దాటవలెను గాని ఏటవాలుగా దాటరాదు. ఇరువైపుల పొదలు కొట్టివేసి, వచ్చు వాహనము దూరమునుండియే కనిపించునట్లు చేయవలెను. వేగనిరోధకములకు, హెచ్చరిక పలకలకు రోడ్డు ఎవరి అధీనమున నున్నదో ఆ శాఖకు తీర్మానము పంపవలెను. కూడళ్ళ వద్ద అంకె, ఊరి పేరు, దూరము వ్రాసిన చిన్న రాయి పాతినచో బెల్జియము పద్ధతి మన డొంకకు వచ్చినట్లే.

వచ్చు చిక్కులు

ఈ పనికి ఎదురుచెప్పువారు ఉందురు. వారిలో కొందరి భయము న్యాయమైనది. బాట తెరచినచో పశువులు పైరుపై పడునని, తోటలో కాయలు పోవునని రైతు భయపడును. కంచెకు, గేటుకు ప్రణాళికలోనే చోటు చూపినచో ఆ భయము తీరును. డొంక ఆక్రమణలో పదియెకరముల ఆసామియు ఉండవచ్చును. నిలువనీడలేక గుడిసె వేసికొన్న పేదవాడును ఉండవచ్చును. గుడిసెను ముందు కూల్చి ఆసామి గట్టు వద్ద ఆగిపోయిన పంచాయతీని ఊరు నమ్మదు. పేదవానికి వేరుచోటు చూపిన పిదపనే కదలింపవలెను. ఆసామికి నోటీసు ముందు పోవలెను.

దళితవాడనుండి బడికి, చెరువుకు, శ్మశానమునకు పోవు దారులు మన గ్రామములలో తరచు తగవులకు కారణమగుచున్నవి. ఇతరుల పొలము దాటి శవమును మోసికొని పోవలసిన దుస్థితి ఏ వాడకును ఉండరాదు. బాటల పటము గీయునపుడు ఈ దారులను చివరకు విడువక మొదటనే గీయవలెను. ఏ వాడ బాట పటమున ఎక్కలేదో ఆ వాడ గ్రామమునకు వెలుపల నున్నట్లే యగును.

ఇక నిర్వహణ. వేసిన బాటను మరచుట మనకు అలవాటైన పొరపాటు. ఏటేట వానలకు ముందొకసారి, వానల పిదపనొకసారి సభ్యులు బాట వెంట నడచి, పాడైన చోట్లను పుస్తకమున వ్రాసి, మూడు పంచాయతీల ఉమ్మడి సమావేశమున చదివి వినిపింపవలెను. కలుపు తీయుట, తూము మూతి శుభ్రపరచుట వంటి చిన్న పనులు సకాలమున జరిగినచో పెద్ద ఖర్చు తప్పును.

బాట ఉన్నదని వ్రాయుటకు ఒక కాగితము, చూచుటకు ఒక ఉదయము, కలిసి మాటలాడుటకు ఒక సాయంకాలము చాలును. ఇందుకు పైనుండి ఉత్తరువు రానవసరము లేదు. రాబోవు గ్రామసభకు ముందే పొరుగు సర్పంచికి కబురు చేసి, సరిహద్దు రాతి వద్ద కలిసికొనుడు. రెండు ఊళ్ళ నడుమ మూసికొనిపోయిన ఆ రెండువందల మీటర్లు తెరచినచో, వచ్చు జూన్ నెలలో బడికి పోవు బాలిక లారీల నడుమ గాక వేపనీడన పోగలదు.